విన్నాక, చూడకముందు

(జాషువా జయంతి సందర్భంగా వినుకొండలో చేసిన స్మారకోపన్యాస పాఠం)



రావణుడు సీతమ్మను ఎత్తుకుపోయాడన్న కబురు రాముడి చెవిన పడింది ఈ కొండ మీదేనని, అందుకే ఇది విన్నకొండ, వాడుకలో వినుకొండ అయిందని మన పెద్దవాళ్లు చెబుతారు. రామలింగేశ్వరుడి గుడికి కొండెక్కుతూ మా నాయనమ్మ ఈ కథ చెప్పినప్పుడు నాకు ఏడెనిమిదేళ్లు ఉంటాయి. "విన్నాడు సరే, మరి సీతమ్మను చూసిందెప్పుడు?" అని అడిగాను. "దానికింకా చాలా ఉందిరా అబ్బాయా, సముద్రం దాటొద్దూ!" అంది. ఆ మాట ఇన్నేళ్లయినా నా చెవిలోనే ఉంది. వినడానికీ చూడడానికీ నడుమ కిష్కింధ ఉంది, సముద్రం ఉంది, లంక ఉంది. కబురు విన్న క్షణానే మనిషి కళ్లెదుట నిలబడితే ఇక రామాయణమే లేదు.

నా వృత్తి సినిమా శబ్దం. హైదరాబాదులో ట్రైలర్లకూ టీజర్లకూ సౌండ్ కూర్చే గదుల్లో ఇరవై ఏళ్లకు పైగా గడిపాను. అందులో ఎక్కువ దెయ్యం సినిమాలే. రెండున్నర నిమిషాల లోపల, నేనెన్నడూ చూడని మనిషికి ఒళ్లు జలదరించేలా చేయడం నా పని. మహాకవి పేరున జరిగే సభలో దెయ్యం ట్రైలర్ల గురించి ఏం మాట్లాడతావని మా ఇంట్లోవాళ్లే అడిగారు. అడగవలసిన ప్రశ్నే. దానికి నా దగ్గర జవాబు ఉంది. జాషువా గారు సినిమా హాల్లో పని చేశారు.

ఆయన పద్యాలు కంఠతా వచ్చినవాళ్లలో కూడా చాలామందికి ఈ సంగతి గుర్తుండదు. మిషనరీ బడిలో నెలకు 3 రూపాయల జీతం మీద చేస్తున్న పంతులు ఉద్యోగం పోయాక ఆయన రాజమండ్రి వెళ్లి, 1915-16లో అక్కడ సినిమా వాచకుడిగా కుదిరారు. అప్పటికి సినిమాకు ఇంకా మాటలు రాలేదు. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో. అంతదాకా తెర మీద బొమ్మలు కదులుతుంటే కథనూ సంభాషణలనూ పక్కనుంచి ఒక మనిషి చదువుతూ పోవలసిందే. 1895లో ఈ వినుకొండలో పుట్టిన జాషువాకు అప్పటికి ఇరవయ్యేళ్లు.

ఆ హాలును ఒక్కసారి తలచుకోండి. దీపాలు ఆర్పేశారు. యంత్రం కటకట మంటోంది. చీకట్లోంచి ఒక గొంతు వస్తోంది. పగటివేళ వీధిలో ఎదురైతే ఆ మనిషిని దూరంగా జరగమనేవాళ్లు కూడా ఆ చీకట్లో ఆ గొంతునే పట్టుకుని కథ వెంట నడిచి ఉంటారు. మనిషి కనబడనప్పుడు గొంతుకు కులం లేదు. తలుపు వెనక ఎవరున్నారో బొమ్మ కంటే ముందే చెప్పెయ్యాలా, బొమ్మ వచ్చేదాకా ఆగాలా, ఆగితే ఎంతసేపు ఆగాలి? ఈ లెక్కంతా వాచకుడి చేతిలో ఉండేది. నూరేళ్ల తరవాత నేను కంప్యూటర్ ముందు కూర్చుని వేసేదీ ఆ లెక్కే. అందుకే ఈ సభలో ఈ మాట మాట్లాడడానికి ఒప్పుకున్నాను.

భయం గురించి మొదటి పాఠం నాకు మిరప కల్లంలో దొరికింది.

మాది ఇక్కడికి దగ్గరలోని పల్లె. మాఘమాసంలో కాయ కోసి కల్లంలో పోసేవాళ్లం. పగలంతా ఎండలో తిరగెయ్యడం, రాత్రి మంచు పడకుండా పరదాలు కప్పడం, ఆపైన కాపలా. కాయ ఎండిందో లేదో చూడాలంటే మా నాన్న నాలుగు కాయలు గుప్పిట్లోకి తీసుకుని చెవి దగ్గర ఊపేవాడు. పదును మీద ఉన్న కాయ పలకదు. బాగా ఎండిన కాయలో గింజ ఊడి గలగలమంటుంది. రైతుకు పంట సంగతి కంటికన్నా ముందు చెవి చెబుతుంది.

ఒక రాత్రి నాకు మెలకువ వచ్చింది. అమావాస్య దగ్గర పడ్డ రోజులు. కల్లం అవతలి చివర, పరదా అందని చోట, గలగలమని చిన్న చప్పుడు. ఆగింది. ఊపిరి తీసుకుని వదిలేంత సేపు ఏమీ లేదు. మళ్లీ గలగల. ఈసారి కొంచెం ఇవతల. కళ్లు ఎంత పెద్దవి చేసుకున్నా నల్లని గోడే తప్ప ఏమీ లేదు. నాన్న నిద్రపోతున్నాడనుకున్నాను. నా గుండె మీదికి ఆయన చెయ్యి వచ్చింది. మెల్లగా అదిమింది. కదలొద్దని. తలకింద బ్యాటరీ లైటు ఉన్నా ఆయన వెయ్యలేదు. ఆ చప్పుడు కన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. నాన్న కూడా వింటున్నాడు.

"ఎవరదీ?" అన్నాడు చివరికి.

చప్పుడు ఆగిపోయింది. లైటు వేశాడు. ఎర్రటి కాయలు, వాటి మీద మంచు తడి, అంతే. "పందికొక్కు అయ్యుంటది, పండుకో" అన్నాడు. ఆయన పండుకున్నాడు. నాకు తెల్లవార్లూ నిద్ర లేదు. నా పసి బుర్రలో ఒకటే తిరిగింది: అడగ్గానే ఆగింది, అంటే దానికి మాట అర్థమైంది.

ఇప్పటికి నేను కూర్చిన ఏ ట్రైలరూ ఆ రాత్రిని దాటలేదు. అందులో ఉన్నవే అటూ ఇటూ మార్చి వాడుకుంటూ వచ్చాను. ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియని శబ్దం. రెండు శబ్దాల మధ్య ఊహకు చోటిచ్చేంత ఖాళీ. మనం నమ్ముకున్న మనిషి ముఖంలో గానీ చేతిలో గానీ కనబడే బిగువు. మంచి ట్రైలర్లో దెయ్యం కనబడదు, దెయ్యాన్ని చూస్తున్న తల్లి కనబడుతుంది. బిడ్డకు అన్నం కలిపి పెడుతున్న ఆమె చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోతుంది, చూపు బిడ్డ భుజం మీదుగా వెనక్కి పోతుంది. అక్కడ కట్ చేస్తాం. ఆమె చూసిందేమిటో చూపించం. నా గుండె మీద నాన్న పెట్టిన చెయ్యి అది.

సినిమా సెకనుకు 24 ఫ్రేములు. చెవి పక్కన ఉన్నట్టుండి పెద్ద చప్పుడైతే కనురెప్ప కొట్టుకోవడానికి ఒంటికి పట్టే వేళ దాదాపు ఒక ఫ్రేము. అంటే ఆలోచించేలోపు ఒళ్లు అదిరిపోతుంది. ఇది ఎవరైనా చేయగలరు. కంచం కింద పడేసినా ఇదే జరుగుతుంది. మేం పడే కష్టమంతా దానికి ముందుండే నలభై, యాభై ఫ్రేముల గురించి. ఉదాహరణకు తలుపు చప్పుడు పెడతాను. టక్, టక్. రెండు చప్పుళ్ల మధ్య ఒక సెకను. వినేవాడి లోపల ఒక గడియారం మొదలైపోతుంది, మూడో చప్పుడు ఎప్పుడు రావాలో వాడే నిర్ణయించుకుంటాడు. ఆ వేళకు నేను మూడోది వెయ్యను. గాలి చప్పుడు, చిమ్మెట చప్పుడు, లోపలి ఫ్యాను చప్పుడు, ఇవన్నీ కూడా ఆ సందులోనే తీసేస్తాను. మనకు రోజంతా వినబడుతూ ఉండి, వింటున్నామని తెలియనివి ఆగిపోతే మెడ వెనక చల్లబడుతుంది. పొలంలో కప్పలు ఒక్కసారిగా మానేస్తే నడిచే రైతు ఎందుకు ఆగుతాడు? అదే. వినేవాడు హమ్మయ్య అని ఊపిరి వదిలేదాకా ఉండి, అప్పుడు వేస్తాను. తలుపు వైపునుంచి కాదు, వెనక స్పీకర్లోంచి.

ఈ విద్య మనకు ఎక్కణ్ణుంచి వచ్చిందో పెద్దల పేర్లు చెప్పుకోవాలి. 1942లో వచ్చిన 'క్యాట్ పీపుల్'ని జాక్ టూర్నర్ తీశాడు, నిర్మాత వాల్ ల్యూటన్. రాత్రి ఒంటరిగా నడిచి వెళుతున్న అమ్మాయి వెనక ఇంకొకరి అడుగులు వినబడతాయి. కాసేపటికి ఆ అడుగులు వినబడవు. అమ్మాయి నడక పెంచుతుంది, పరుగెత్తుతుంది. పులి మీద పడిందనే అనుకుంటాం. బుస్సుమంటూ ఒక బస్సు వచ్చి ఆమె పక్కన ఆగుతుంది. ఏమీ జరగలేదు, ఉత్త బస్సు. ఎనభై ఏళ్లకు పైగా ప్రపంచమంతా ఆ బస్సు మీదే ప్రయాణం చేస్తోంది. ల్యూటన్ బస్సు అనే మాట మా వృత్తిలో అలాగే స్థిరపడింది.

హిచ్‌కాక్ సాటి దర్శకుడు ట్రూఫోతో చెప్పిన బాంబు సంగతి మీలో చాలామంది చదివే ఉంటారు. బల్ల కింద బాంబు ఉన్నట్టు మనకు చెప్పకుండా పేలిస్తే అది పదిహేను సెకన్ల ఉలికిపాటు. ముందే చూపించి, బల్ల దగ్గర కూర్చున్నవాళ్ల చేత లోకాభిరామాయణం మాట్లాడిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. అదే పెద్దమనిషి 1960లో 'సైకో'కి చేసిన ట్రైలర్లో సినిమాలోని సన్నివేశాలు అసలు లేవు. ఆరు నిమిషాలకు పైగా తనే ఆ ఇంట్లోకీ, ఆ లాడ్జిలోకీ మనల్ని తీసుకువెళ్లి, ఇల్లు అద్దెకు చూపించే మనిషిలా మర్యాదగా మాట్లాడతాడు. ఇక్కడ ఏదో జరిగిందంటాడు, మొదలుపెట్టిన మాట మధ్యలో వదిలేస్తాడు. స్నానాల గదిలోకి వచ్చి, అంతా కడిగి శుభ్రం చేసేశారంటాడు. చివర తెర లాగుతాడు. అరుపు. అంతే. ఆ అరిచింది సినిమాలో ఆ గదిలో కనబడే జానెట్ లీ కూడా కాదు, విగ్గు పెట్టుకున్న వెరా మైల్స్. ట్రైలరుకు సినిమా ముక్కలతో పని లేదని ఆయన అప్పుడే తేల్చి చెప్పాడు.

ఆ తరవాతవాళ్లు దాన్ని ఇంకా తగ్గించారు. 1980 నాటి 'ది షైనింగ్' ట్రైలరంతా ఒకే దృశ్యం. లిఫ్టు తలుపులు, వాటి సందులోంచి మన మీదికి వచ్చే నెత్తురు వరద. అంతకు ఏడాది ముందు వచ్చిన 'ఏలియన్' ట్రైలర్లో ఒక్క మాట లేదు. గుడ్డు బీట తీస్తుంది, ఆపైన ఆపకుండా సైరన్ లాంటి కూత. ఆ కూతలో ఏముందో చాలాకాలం నాకు అర్థం కాలేదు. అమెరికాలో డేనియల్ బ్లమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త మార్మోట్లు అనే ఉడుత జాతి జంతువుల మీద పని చేసేవాడు. చేత్తో పట్టుకున్నప్పుడు వాటి పిల్లలు వేసే కేక తన ఒంటిని కుదిపేయడం గమనించాడు. గొంతు పట్టు తప్పి, బొంగురుపోయి, చీలిపోయిన కేక అది. తరవాత 102 సినిమాల్లోని శబ్దాలను పరిశీలించి 2010లో ఒక పరిశోధన పత్రం వెలువరించారు. భయపెట్టే సినిమాల్లో సరిగ్గా ఆ చీలిన శబ్దాలే ఎక్కువగా కనబడ్డాయి. తెలియకుండానే సంగీతకారులు పిల్ల జంతువు ప్రాణభయాన్ని వయొలిన్లలోకి తెచ్చారన్నమాట. గద్ద తన్నుకుపోతున్న కోడిపిల్ల కేక విన్నవాళ్లకు ఇది పత్రం చదవకపోయినా తెలుసు. ఆ కేకకు ఇంట్లో ఉన్న మనిషి చేతిలో పని వదిలి బయటికి వస్తుంది. భయం కన్నా ముందు అందులో ఉన్నది ఒక పిలుపు. దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి.

మన దగ్గర ట్రైలర్ అనే పేరు రాకముందూ ఈ పని ఉంది. రిక్షాకు మైకు కట్టి, రెండు పక్కలా వాల్‌పోస్టర్లు అతికించి, కరపత్రాలు విసురుకుంటూ పోయే మనిషి సగం కథ చెప్పి, "ఆ తరవాత ఏం జరిగింది? నేడే చూడండి" అని వీధి మలుపు తిరిగిపోయేవాడు. రిక్షా కనబడకుండా పోయాక కూడా గొంతు వినబడేది. యండమూరి నవల 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్న రోజుల్లో ఇంటింటా జరిగింది తెలిసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. వారం ఆఖరి వాక్యం చదివి, ఏడు రోజులు దానితో కాపురం చేసేవాళ్లు. నిమ్మకాయ కనబడినా, గుమ్మంలో ముగ్గు చెరిగినా ఆ వాక్యమే గుర్తొచ్చేది. నేను పని నేర్చుకున్నది ఎడిటింగ్ గదిలోనే గానీ, ఎక్కడ ఆపాలో నేర్పింది ఆ 'సశేషం'.

వీటన్నిటికన్నా పెద్ద బడి మన హరిశ్చంద్ర నాటకం. బలిజేపల్లి లక్ష్మీకాంత కవి నాటకంలో కాటిసీను వచ్చేసరికి ఊళ్లో అర్ధరాత్రి దాటేది. చాపల మీద, గోనెపట్టాల మీద పిల్లలు నిద్రపోయేవాళ్లు. ఆ సీను ముందు మా అమ్మ నన్ను తట్టి లేపేది. దీపాలు తగ్గించేవాళ్లు. హార్మోనియం శ్రుతి పట్టుకుని వదిలేది కాదు. కంబళి కప్పుకుని, కర్ర భుజాన వేసుకుని హరిశ్చంద్రుడు వచ్చి, చాలాసేపు ఏమీ అనకుండా నిలబడేవాడు. అప్పుడు ఎత్తుకునేవాడు పద్యం. ఆ పద్యాలు బలిజేపల్లివారివి కావు, మన జాషువా గారి 'శ్మశానవాటి'లోవి. నాటకంవాళ్లు తెచ్చి కలుపుకున్నారు, జనం ఇక వదలనివ్వలేదు. డి.వి. సుబ్బారావు గారి వంటి నటులు ఆ పద్యాలతోనే ఊళ్లను ఏలారు.

మా గదుల్లో డ్రోన్ అనేది ఒకటుంది, ట్రైలరంతా అడుగున పారుతూ ఉండే శబ్దం. అది ఆ హార్మోనియం శ్రుతే. కాకపోతే మేం రెండు శ్రుతులను వెంట్రుకవాసి తేడాతో పక్కపక్కన పెడతాం. అప్పుడు శబ్దం నిలకడగా ఉండదు, లోపల ఏదో ఊగుతున్నట్టు ఉంటుంది. వినేవాడికి కారణం తెలియదు, కుర్చీలో సర్దుకుని కూర్చుంటాడు. ఇంతవరకూ నాటకానికీ మాకూ తేడా లేదు. తేడా ఆ తరవాత వస్తుంది. జాషువా పద్యం శ్మశానంలోకి తీసుకువెళ్లి, భయపడుతున్న మనిషిని చెయ్యిపట్టుకుని సమాధుల మధ్య నడిపిస్తుంది. ఇక్కడ కవి ఉన్నాడు, ఇక్కడ రాజు ఉన్నాడు, అంటరానితనం అడుగుపెట్టలేని చోటు ఇదొక్కటే అని చూపిస్తుంది. చాప మీద వణుకుతూ కూర్చున్న నేను పద్యం అయ్యేసరికి ఏడుస్తున్నాను. వణుకు ఎప్పుడు పోయిందో తెలియలేదు. అది నాకు ఈనాటికీ చేతకాని విద్య.

మన సినిమాల దగ్గరికి వస్తాను. 1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' వచ్చింది. రేవతి నడిచే మామూలు పగటి ఇల్లు, మామూలు గది. దానికి నేపథ్య సంగీతం మణిశర్మ. అందులో కెమెరా మనిషి వెనక నడుస్తుంది. నడుస్తున్నది ఎవరని మనం అడిగేదాకా అది కెమెరా అని కూడా తోచదు. 2009 సంక్రాంతికి వచ్చిన 'అరుంధతి' ఇంకో దారి పట్టింది. కోడి రామకృష్ణ దర్శకత్వం, శ్యాంప్రసాద్ రెడ్డి నిర్మాణం, అనుష్క. పశుపతిగా కనబడింది సోనూ సూద్, వినబడింది పి. రవిశంకర్. ఆ సినిమా ఊళ్లలోకి వెళ్లింది గొంతు మీద. బొమ్మాళీ అన్న ఒక్క పిలుపు చాలు, సినిమా చూడని పిల్లలు కూడా తలుపులేసుకునేవాళ్లు. ఆ గొంతు ఇచ్చిన మనిషికి చివరికి బొమ్మాళి రవిశంకర్ అనే పేరు వచ్చేసింది. చెవిన పడ్డదానికి ఉండే పట్టు అది.

2023 ఏప్రిల్లో వచ్చిన 'విరూపాక్ష' సంగతి కొంచెం నిలబడి మాట్లాడాలి. కార్తీక్ దండు దర్శకుడు, అజనీష్ లోక్‌నాథ్ సంగీతం. పేరు ప్రకటిస్తూ ముందుగా వదిలిన చిన్న ముక్కకు జూనియర్ ఎన్టీఆర్ గొంతు ఇచ్చారు. సినిమాలో ఆయన లేరు. జాషువా చేసిన వాచకుడి పని నూట ఏడేళ్ల తరవాత మళ్లీ అలా తిరిగొచ్చింది. ఆ మాటల నడక చూడండి. అజ్ఞానంలోంచి భయం పుడుతుందనీ, భయంలోంచి మూఢనమ్మకం పుడుతుందనీ మొదలవుతుంది. బడిలో మాస్టారు చెప్పినట్టే ఉంటుంది, మనం తలూపుతాం. అలా తలూపించి, ఆ నమ్మకమే నిజమైతే అన్నవైపు తిప్పేస్తుంది. నేల ఉందని నమ్మించి, అడుగు వేశాక తీసెయ్యడం. పనితనంగా చూస్తే దానికి నేను చేతులెత్తి మొక్కుతాను. ఆ సినిమా కథ మొదలయ్యేది చేతబడి చేశారన్న అనుమానంతో ఊరివాళ్లు ఒక జంటను చంపడంతో. 'మా ఊరి పొలిమేర' కథలు కూడా చేతబడి చుట్టూ తిరిగినవే. ఇవి తీసినవాళ్ల శక్తిని నేను తక్కువ చెయ్యడం లేదు. అయితే చేతబడి, బాణామతి అనేవి మన రాష్ట్రాలకు కథలు మాత్రమే కావు. ఆ పేరు పెట్టి మనుషులను కొట్టారు, చెట్టుకు కట్టేశారు, చంపారు. రెండు గంటల సినిమాలో ఆ అన్యాయం కూడా చెప్పడానికి వ్యవధి ఉంటుంది. రెండు నిమిషాల ట్రైలర్లో ఉండదు. అక్కడ వ్యవధి ఉన్నది ముఖానికి మాత్రమే.

పైగా ఇప్పుడు ట్రైలర్ చూసే చోటు మారిపోయింది. హాల్లో వేసే ట్రైలరుకు సెన్సార్ సర్టిఫికెట్ ఉండాలి. ఫోన్లో వచ్చేదానికి ఆ నియమం లేదు. హాల్లో కుర్చీ కింద నుంచి వచ్చే లోతైన గుమగుమను ఫోను స్పీకరు పలకలేదు, అది అందులో పోతుంది. అందుకని మేం పై శబ్దాలు పెంచాం. గుసగుసలు, గోళ్ల గీతలు, ఆ చీలిన కేకలు. చెవిలో పెట్టుకునేవాటితో వింటే గుసగుస సరిగ్గా చెవి తమ్మె దగ్గర వినబడుతుంది. నలుగురిలో కూర్చుని భయపడితే పక్కవాడి చెయ్యి ఉంటుంది, చివర అందరూ ఒక్కసారి నవ్వుతారు. దుప్పటి కింద ఒక్కడే చూసే పదేళ్ల పిల్లవాడి పక్కన ఎవరున్నారు?

ఇక నేను చేసిన తప్పు చెబుతాను. సినిమా పేరు చెప్పను, తీసినవాళ్ల పేరు చెప్పను. చేతులు నావి.

ట్రైలర్ చివరి ముక్కకు ఏదో ఒకటి కావాలన్నారు. సినిమాలో రెండే రెండు దృశ్యాల్లో కనబడే ఒక ముసలమ్మ ఉంది. తెల్ల చీర, ముడతల ముఖం, ఒక కన్ను తెల్లబడింది. కథలో ఆమె దెయ్యమూ కాదు, మంత్రగత్తే కాదు. నీళ్లు అడిగే ఒక ముసలిది, అంతే. ఆ ముఖాన్ని పదహారు ఫ్రేములు పట్టుకుని, దాని కింద నేను కేక పెట్టాను. కేకకు ముందు ఏం పెట్టానో తెలుసా? కల్లంలోంచి తెచ్చుకున్న ఎండు మిరపకాయలు. గుప్పెడు కాయలను మైకు దగ్గర నలిపి, ఆ గలగలను నిదానం చేసి పెట్టాను. ఎముకలు కదిలినట్టు వచ్చింది. గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు, నా భుజం తట్టారు. లక్షల మంది చూశారు.

ఆ సంక్రాంతికి మా ఊరు వచ్చాను. మా వీధి చివర పూరింట్లో ఒక పెద్దమ్మ ఉండేది. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు, ఒక కంటికి పొర వచ్చి చూపు పోయింది. నా చిన్నప్పుడు తాటి ముంజెలు వలిచి పెట్టేది. అరుగు మీద కూర్చుని ఉండగా ఏడెనిమిది మంది పిల్లలు ఆమె ఇంటి వైపు పరుగెత్తుకు వెళ్లి, తడిక మీద రాళ్లు విసిరి, అరుచుకుంటూ తిరిగొచ్చారు. వాళ్లు అరిచింది ఆ సినిమా పేరు. ఆ కేకను కూడా అచ్చంగా నేను పెట్టినట్టే అనుకరించారు. ఆరోహణ, చీలిక, ఆగిపోవడం, అన్నీ. నా చేతిపని అంత చక్కగా నేర్చుకున్న శిష్యులను నేను ఎక్కడా చూడలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఉన్న 'గబ్బిలం' తీసి చదివాను. 1941లో వచ్చిన కావ్యం. గబ్బిలం ఇంట్లోకి వస్తే అశుభమనేవాళ్లు, ఇప్పటికీ ప్రతి దెయ్యం ట్రైలర్లో మేం వాడుకునే ప్రాణి. జాషువా కథానాయకుడి గుడిసెలోకి సాయంకాలం వేళ అదే గబ్బిలం వస్తుంది. అతను దాన్ని తరమడు. దానితో తన బాధ చెప్పుకుంటాడు, దేవుడికి కబురు పంపుతాడు. గుడి లోపల తలకిందులుగా వేలాడే దానికి, తనకు లేని ప్రవేశం ఉందని, దేవుడి చెవి దగ్గరికి పోగలదని. గబ్బిలం చీకట్లో దారి తెలుసుకునేది చూసి కాదు, విని. తన కేక దేన్నో తాకి తిరిగొస్తే అక్కడేముందో దానికి తెలుస్తుంది. ఆ కవికి ఈ శాస్త్రం తెలుసో లేదో గానీ, వినగలిగిన ప్రాణినే ఎంచుకున్నాడు. అందరూ భయపడే ప్రాణి ముందు కూర్చుని, నీ కథ ఏమిటి, నా కథ ఇది అని మాట్లాడడానికి ఎంత ధైర్యం కావాలో, ఎంత ఆకలి కావాలో ఆ రాత్రి నాకు అర్థమైంది. తనను చూసి తప్పుకునే లోకంలో పెరిగినవాడు గనక, ఇంకో ప్రాణిని చూసి తప్పుకోలేకపోయాడు.

మర్నాడు పొద్దుగూకే వేళ పెద్దమ్మ ఇంటికి వెళ్లాను. వీధి దీపం ఆ చివరిదాకా రాదు. ఆ ఇంటి ముందు కూడా ఎవరో మిరపకాయలు ఎండబోసుకున్నారు, అంచున కొన్ని చెదిరి పడి ఉన్నాయి. చూడకుండా వాటి మీద అడుగేశాను. గలగలమన్నాయి.

లోపల దీపం ఆరిపోయింది. ఎవరో నోటితో ఊదారు. ఊపిరి బిగపట్టిన ఇల్లు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ పనిలో ఇరవై ఏళ్లున్నాను. ఇంకో అడుగు వెయ్యడానికి కాలు రాలేదు.

"ఎవరదీ?" అంది లోపల్నుంచి, వణుకుతూ.

"నేను పెద్దమ్మా. కల్లం కాడి పిల్లాణ్ణి. నువ్వు ముంజెలు పెట్టేదానివి" అన్నాను.

చాలాసేపటి తరవాత తడిక గడియ తీసిన చప్పుడు వినబడింది.